పచ్చనీడలో నల్లకోతి

తమిళనాడులో పొల్లాచి నుంచి వాల్పారై వెళ్లే ఘాట్ రోడ్డుకు 40 హెయిర్‌పిన్ మలుపులు. కింద ఆళియార్ డ్యామ్ దగ్గర ఎండ మండిపోతుంటుంది. ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది, టీ తోటలు మొదలవుతాయి, వాటి మధ్య ముక్కలు ముక్కలుగా మిగిలిన వర్షారణ్యం కనిపిస్తుంది. వాల్పారై ఇంకా కొద్ది దూరం ఉందనగా పుదుతోట్టం వస్తుంది. సింహపు తోక కోతుల కోసం వచ్చే ఫొటోగ్రాఫర్లు బండి ఆపేది అక్కడే. నల్లటి ఒళ్లు, నల్లటి మొహం, మొహం చుట్టూ వెండిరంగు జూలు, తోక చివర సింహానికున్నట్టే చిన్న కుచ్చు. పడమటి కనుమలు దాటితే ఈ కోతి అడవుల్లో ఇంకెక్కడా లేదు. కర్ణాటక, కేరళ, తమిళనాడు మూడు రాష్ట్రాల్లోనూ కలిపి 4 వేలకు మించవని అంచనా. కేరళలో కుంతీపుళ నది మీద తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టు ప్రజా ఉద్యమం వల్ల ఆగి, 1984లో సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కు అయిందంటే, ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే.

ఎదురుగా చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఫొటోలో మాత్రం చాలాసార్లు తేలిపోతుంది. వెండి జూలు పాచి పట్టినట్టు పచ్చగా వస్తుంది. మొహం కళ్లూ ముక్కూ తెలియని నల్ల ముద్దవుతుంది. ఎడిటింగ్‌లో ఆ నలుపును కాస్త పైకి లాగితే బొచ్చు నిండా ఎర్రటి, ఊదారంగు మచ్చలు లేస్తాయి. ఎవరినడిగినా ‘అడవిలో వెలుతురు తక్కువ కదా’ అంటారు. అది నిజమే గానీ సగమే. వెలుతురు తక్కువ కావడం ఒక కష్టమైతే, ఆ తక్కువ వెలుతురుకు రంగుండటం అంతకన్నా పెద్ద కష్టం. ఆ రంగు వేసేది ఆకులు. ఎక్కడెక్కడ ఏ రంగు వేస్తాయో తెలిస్తే ఫొటోలో సగం పని చెట్టు కిందే అయిపోతుంది. కంప్యూటర్ ముందు చేసే మిగతా సగానికీ ఒక లెక్క దొరుకుతుంది.

ముందు వెలుతురు ఎంత తక్కువో చూద్దాం. దట్టమైన వర్షారణ్యంలో నేల దాకా దిగేది పైన పడే ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే. ఫొటోగ్రాఫర్లు వెలుతురును స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ తగ్గిందంటే వెలుతురు సగమైనట్టు. నూటికి ఒకటిన్నర వంతు అంటే దాదాపు 6 స్టాపులు తగ్గినట్టు, 64లో ఒక వంతు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్ 16 ఎపర్చర్ (లెన్స్ కంత), సెకనులో 100వ వంతు షట్టర్ స్పీడ్ సరిపోతాయన్నది ఫిల్ముల కాలం నుంచీ ఉన్న సూత్రం. లెన్స్‌ను ఎఫ్ 4 దాకా తెరిస్తే అదే ఎండలో 1/1600 సెకను చాలు. అక్కణ్నుంచి చెట్ల కిందికి నడిచి, 6 స్టాపులు తీసేస్తే 1/25 సెకను మిగులుతుంది. 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో, కొమ్మ మీద కదులుతున్న కోతిని 1/25 దగ్గర తీస్తే వచ్చేది మసకే. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ కోతి కదలికను ఆపలేదు. కనీసం 1/800 కావాలంటే ఇంకో 5 స్టాపులు తెచ్చుకోవాలి. అంటే ఐఎస్ఓ 3200. లెన్స్ ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోకపోతే 6400. అక్కడ ఇవి మామూలు అంకెలే, చూసి కంగారు పడనక్కర్లేదు.

ఇక రంగు సంగతి. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చలో కొంత భాగాన్ని వెనక్కి కొడుతుంది, ఇంకొంత భాగాన్ని కిందికి వదులుతుంది. అలా ఒక ఆకును దాటిన కాంతి మరో ఆకు మీద, దాన్నీ దాటి ఇంకో ఆకు మీద పడుతుంది. ప్రతి పొరలోనూ ఎరుపు, నీలం తరిగిపోతుంటే, నేలకు చేరేసరికి పసుపు కలిసిన పచ్చదనమే మిగులుతుంది. గప్పీ చేపల రంగుల మీద చేసిన పరిశోధనలతో పేరు పొందిన జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ అడవుల్లో ఈ కాంతి రంగును పరికరాలతో కొలిచి, 1993లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అడవిలో తిరిగే ఫొటోగ్రాఫర్ ఎవరైనా తెలుసుకుని తీరాల్సిన పని అది. ఎండ కాసే రోజున అడవిలో ప్రధానంగా నాలుగు రకాల వెలుతురుంటుందని ఆయన తేల్చారు. పైన ఆకుల పందిరి పూర్తిగా కమ్ముకున్న చోట నీడ పసుపు కలిసిన ఆకుపచ్చ. ఎండ నేరుగా పడకుండా, పైన ఆకాశం మాత్రం బాగా కనిపించే పలచటి అడవి నీడలో నీలి ఛాయ, ఎందుకంటే అక్కడ వెలుగునిచ్చేది సూర్యుడు కాదు, నీలాకాశం. పందిరిలో చిన్న కంత గుండా ఎండపొడ పడే చోట వెలుతురు పసుపు, నారింజ వైపు మొగ్గుతుంది. సూర్యుడి కాంతి నేరుగా దిగుతుంది గానీ దానికి తోడు రావాల్సిన ఆకాశపు నీలం ఆ ఇరుకు సందులోంచి రాలేదు. చెట్టు కూలి పెద్ద ఖాళీ ఏర్పడిన చోట రెండూ కలిసి తెల్లటి వెలుతురవుతుంది.

ఎండ్లర్ చెప్పినదాంట్లో ఫొటోగ్రాఫర్‌కు అన్నిటికన్నా పనికొచ్చే మాట ఒకటుంది. మబ్బు పట్టగానే ఈ నాలుగూ దాదాపు ఒక్కటైపోతాయి. ఎండలో ఆకులు దీపాల్లా వెలుగుతూ కింది నీడనంతా పచ్చగా తడిపేస్తాయి. మబ్బు వేళ ఆకులకా మెరుపుండదు. కొమ్మల సందుల్లోంచి దిగే తెల్లటి మబ్బు వెలుగుదే పైచేయి. అడవికి వెళ్లిన రోజున మబ్బు పడితే చాలామంది నిట్టూరుస్తారు. నన్నడిగితే సింహపు తోక కోతికి పలచటి మబ్బున్న ఉదయాన్ని మించిన వేళ లేదు. వెలుతురు ఒకటి రెండు స్టాపులు తగ్గినా రంగు శుభ్రంగా ఉంటుంది, నల్ల బొచ్చు మీద ఎండపొడలు నిప్పుకణికల్లా పడవు.

ఈ రంగు ఫొటోను ఎలా పాడుచేస్తుందో తెలియాలంటే సెన్సర్ లోపలికి తొంగి చూడాలి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికనే నేటికీ దాదాపు అన్ని కెమెరాలూ వాడుతున్నాయి. సెన్సర్ మీది పిక్సెళ్లలో సగానికి ఆకుపచ్చ ఫిల్టరు, పావువంతుకు ఎరుపు, పావువంతుకు నీలం ఉంటాయి. పందిరి కింది వెలుతురులో ఉన్నదే పచ్చదనం. ఆకుపచ్చ పిక్సెళ్లు నిండుతాయి, ఎరుపు, నీలం పిక్సెళ్లు ఆకలితో ఉంటాయి. ఇంటికొచ్చాక జూలును మళ్లీ వెండిరంగుకు తేవడానికి వైట్ బ్యాలెన్స్ సరిచేస్తాం. వైట్ బ్యాలెన్స్ అంటే ఎరుపు, నీలం అంకెల్ని తగినంత గుణించడమే. అరకొరగా అందిన అంకెల్ని గుణిస్తే వాటిలోని తప్పులూ గుణింపబడతాయి. నలుపులో లేచే ఎర్ర, ఊదా మచ్చలు ఇవే. కెమెరా చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తాల్సిన పని లేదు. ఆకులు ముందే తినేసిన ఎరుపును, నీలాన్ని మనం తర్వాత లెక్కల్లో తిరిగి రాబట్టబోతున్నాం, దానికి కట్టే వడ్డీ ఆ మచ్చలు.

ఈ తప్పులు ఎక్కణ్నుంచి వస్తాయి? కాంతి ఫోటాన్లుగా, విడి విడి కణాలుగా వచ్చి పడుతుంది. చినుకులు పడుతున్నప్పుడు వాకిట్లో పక్కపక్కనే రెండు గిన్నెలు పెడితే రెండిట్లోనూ సరిగ్గా అన్నే చినుకులు పడవు. పక్కపక్క పిక్సెళ్లలో ఫోటాన్లూ అంతే. సగటున ఎన్ని ఫోటాన్లు పడతాయో, ఆ అంకె వర్గమూలమంత తేడా వస్తుంది. ఈ తేడానే నాయిజ్. ఒక ఉదాహరణ చూద్దాం. ఐఎస్ఓ 3200 దగ్గర వెండి జూలులోని ఒక పిక్సెల్ 1600 ఫోటాన్లు పట్టిందనుకుందాం. తేడా 40, నూటికి రెండున్నర వంతు, కంటికి ఆనదు. నల్ల బొచ్చు అందులో 32వ వంతు వెలుగునే తిప్పి పంపుతుందనుకుంటే అక్కడ పడేవి 50 ఫోటాన్లు. తేడా 7, అంటే నూటికి 14 వంతులు. అదే ఫొటో, అదే కెమెరా, అదే క్షణం. జూలు నునుపుగా, మొహం గరుకుగా వస్తాయి. ఐఎస్ఓ పెంచడం వల్ల ఫోటాన్లు పెరగవన్నది కూడా గుర్తుంచుకోవాలి. వచ్చిన సంకేతాన్ని అది పెద్దది చేస్తుంది, అంతే. ఫోటాన్లు పెంచే దారులు రెండే. షట్టర్‌ను ఇంకాస్త సేపు తెరిచి ఉంచాలి, లేదా లెన్స్ కంతను పెద్దది చేయాలి.

కంత పెద్దది చేస్తే ఇంకో ఇబ్బంది ఉంది. 400 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 2.8 దగ్గర పెట్టి 15 మీటర్ల దూరంలోని కోతిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు పాతిక సెంటీమీటర్లు. మొహానికి సరిపోతుంది, వెనక వేలాడే తోక కుచ్చుకు సరిపోదు. ఈ జాతికి పేరు తెచ్చిందే ఆ కుచ్చు కాబట్టి, కోతి పక్కకు తిరిగి కూర్చుని తోకా మొహమూ ఒకే దూరంలోకి వచ్చే దాకా ఆగడం మేలు. సింహపు తోక కోతి తిండి దగ్గర తీరిగ్గానే ఉంటుంది. కొమ్మ బెరడు గీరి పురుగుల్ని ఏరుకుంటుంది, ముళ్లున్న కులేనియా కాయను చేతులతో తిప్పి తిప్పి పళ్లతో చీల్చి లోపలి గింజలు తింటుంది. తింటున్నంత సేపూ చేతులు కదులుతాయి గానీ, నమిలే మధ్యలో తల ఒక్క క్షణం నిలుస్తుంది. షట్టర్‌ను 1/250కి దించే ధైర్యం ఆ క్షణంలో చేయొచ్చు. ఒకటి తర్వాత ఒకటిగా పది ఫ్రేములు తీస్తే ఒకటి రెండు నిలుస్తాయి, అవి 1/800 దగ్గర తీసిన వాటికన్నా మూడు రెట్లు ఎక్కువ ఫోటాన్లు పట్టుకుని వస్తాయి.

ఎక్స్‌పోజర్ విషయంలో కెమెరాను నమ్మకూడని జంతువుల్లో ఈ కోతి మొదటి వరసలో ఉంటుంది. ఫ్రేములో ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగని కెమెరా మీటరు భావిస్తుంది. నల్లకోతి ఫ్రేము నిండా ఉంటే దాన్ని బూడిద రంగుకు తేవాలని వెలుగు పెంచేస్తుంది, జూలు తెల్లగా కాలిపోతుంది. అదే కోతి తెల్లటి ఆకాశానికి ఎదురుగా కొమ్మ చివర కూర్చుంటే వెలుగు తగ్గించేస్తుంది, కోతి నీడబొమ్మవుతుంది. జూలు కాలిపోతే ఆ వెంట్రుకలు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రావు. మొహం మరీ చీకట్లో పడితే మచ్చలు తప్పవు. కాబట్టి జూలు కాలిపోయే అంచు దాకా వెలుగు నింపి, అక్కడ ఆగాలి. కెమెరాలో వెలుగుల పంపకాన్ని చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, కుడి గోడకు తగలకుండా, దాని దగ్గరి దాకా వెళ్లేట్టు చూసుకోవాలి. కోతి మీద ఎండపొడ పడితే మాత్రం ఎంత జాగ్రత్తపడినా కష్టమే. ఎండకూ నీడకూ మధ్య 6 స్టాపుల తేడా, దాని మీద జూలుకూ బొచ్చుకూ మధ్య మరో 5. సెన్సర్ ఐఎస్ఓ 100 దగ్గర 13, 14 స్టాపుల దాకా పట్టగలిగినా, ఐఎస్ఓ పెంచేకొద్దీ ఆ పరిధి కుంచించుకుపోతుంది. 3200 దగ్గర 11 స్టాపుల తేడాను శుభ్రంగా పట్టడం దానివల్ల కాదు. అలాంటప్పుడు రెండడుగులు పక్కకు జరిగి, పూర్తిగా నీడలో ఉన్న ఇంకో కోతిని చూసుకోవడమే తెలివి.

నిలబడే చోటు కూడా వెలుతురును బట్టే ఎంచుకోవాలి. కోతుల వెంట పడకుండా, పందిరిలో పెద్ద ఖాళీ అంచున, అవి వచ్చే దారి చూసుకుని ముందే కూర్చుంటే వాటంతటవే తెల్లటి వెలుగులోకి వస్తాయి. ఆకాశం కాస్త కనిపించే చోటైతే నల్లటి కంట్లో ఒక మెరుపు చుక్క పడుతుంది. నల్ల మొహంలో ఆ చుక్క లేకపోతే చూపు ఉన్నట్టే తెలియదు. ఈ కోతుల లోకంలో సూటిగా కళ్లల్లోకి చూడటం బెదిరింపు. తరచూ చూపు తిప్పుకుంటూ, కదలకుండా కూర్చున్న మనిషిని అవి త్వరగా పట్టించుకోవడం మానేస్తాయి. అరటిపండు చూపించి దగ్గరికి రప్పించేవాళ్లు వాల్పారై రోడ్డు మీద కనిపిస్తుంటారు. ఎంతో బాధ కలిగించే దృశ్యమది. అడవి తుంపులైపోయి ఇప్పటికే ఈ కోతులు చెట్లు దిగి రోడ్డు దాటాల్సి వస్తోంది, బళ్ల కింద పడి చనిపోతున్నాయి. అవి నేలకు దిగకుండా దాటడానికి రోడ్డుకు అడ్డంగా చెట్ల మధ్య వంతెనలు కట్టారు. ఒక పండుతో కోతిని రోడ్డు మీదకి దింపేవారు ఆ శ్రమనంతా వృథా చేస్తున్నారు.

ఇక కంప్యూటర్ దగ్గరి పని. ఫొటోను రా ఫైలుగా, అంటే సెన్సర్ పట్టినదంతా అలాగే ఉండే ఫైలుగా, తీసి ఉండాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైలులో 16,384. నలుపులో ఉన్న కాసిని మెట్లనే మనం విడదీసి చూపించబోతున్నాం కాబట్టి ఈ తేడా ప్రాణం లాంటిది. లైట్‌రూమ్ ఉన్నవాళ్లు అందులో, లేనివాళ్లు ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో ఇదంతా చేసుకోవచ్చు.

మొదట ముట్టుకోవాల్సింది వైట్ బ్యాలెన్స్. అందులో రెండు స్లైడర్లుంటాయి. టెంపరేచర్ నీలం, పసుపుల మధ్య నడుస్తుంది. టింట్ ఆకుపచ్చ, మెజెంటాల మధ్య నడుస్తుంది. నగరంలో తీసేవాళ్లు టింట్ జోలికే పోరు. అడవి ఫొటోకు అసలు తాళంచెవి అదే. పందిరి నీడలో తీసిన దాన్ని మెజెంటా వైపు నెమ్మదిగా జరుపుతుంటే జూలు మీది పాచి వదిలి, వెండి బయటపడుతుంది. ఎక్కడ ఆపాలన్నది రుచికి సంబంధించిన విషయం. జూలు కచ్చితమైన బూడిద రంగుకొచ్చే దాకా లాగితే వెనక ఆకులు జీవం కోల్పోతాయి. అడవిలో నిలబడ్డప్పుడు మన కన్ను ఆ పచ్చదనాన్ని చాలావరకు సర్దేసుకుంటుంది గానీ పూర్తిగా కాదు. నేను ఆ మిగిలిన రవ్వంత పచ్చను ఉంచేయడానికే ఇష్టపడతాను.   

ఒకే ఫ్రేములో రెండు రకాల వెలుతురున్నప్పుడు ఒక్క వైట్ బ్యాలెన్స్ చాలదు. భుజం మీద నారింజ ఎండపొడ, మొహం మీద పచ్చనీడ ఉందనుకోండి. నీడను సరిచేస్తే ఎండపొడ గులాబీరంగుకు తిరుగుతుంది. అప్పుడు మొహానికి వేరుగా మాస్క్ గీసి, ఆ మాస్క్ లోపల మాత్రమే టింట్ మార్చాలి. అదే మాస్క్‌లో షాడోలను, అంటే చీకటి భాగాలను, అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పైకి తేవచ్చు. అంతకు మించితే నల్లకోతి బూడిదకోతి అవుతుంది. నలుపు నలుపుగానే ఉండాలి, ఆ నలుపులో కనుబొమ్మల గట్టు, ముక్కు వంపు తెలిస్తే చాలు. మొహాన్ని వెలిగించడం కన్నా చుట్టూ ఉన్న ఆకుల మెరుపును కాస్త తగ్గించడం చాలాసార్లు మంచి ఫలితమిస్తుంది. వెనక ఎండలో మండే ఒక్క ఆకు కోతి మొహం మీది చూపును లాగేసుకుంటుంది.

నాయిజ్‌ను రెండుగా విడదీసి చూడాలి. రంగు మచ్చలు వేరు, వెలుగులోని గరుకు వేరు. మన కన్ను వెలుగు తేడాల్లోని సన్నటి వివరాన్ని పట్టినంత బాగా రంగు తేడాల్లోని వివరాన్ని పట్టదు. అందుకే రంగు మచ్చల్ని గట్టిగా తుడిచేసినా బొచ్చు చెక్కు చెదరదు. గరుకును మాత్రం చూసి చూసి తగ్గించాలి, లేకపోతే వెంట్రుకలు మైనంలా అతుక్కుపోతాయి. కొత్తగా వచ్చిన ఏఐ డీనాయిజ్ పరికరాలు ఇక్కడ అద్భుతాలు చేస్తున్నాయి. శుభ్రమైన ఫొటోల్నీ, వాటికే నాయిజ్ కలిపిన ప్రతుల్నీ జతలుగా చూపించి వాటికి శిక్షణ ఇస్తారు. ఐఎస్ఓ 6400 ఫొటోను అవి 800 దగ్గర తీసినట్టు చేసిస్తున్నాయి. కాకపోతే సమాచారం లేని చోట అవి ఊహించి నింపుతాయి. 50 ఫోటాన్లు మాత్రమే పడిన చెంప మీద ఏ వెంట్రుక ఎటు తిరిగి ఉందో ఫైలులో లేదు. ఉన్నట్టు కనిపిస్తోందంటే, వేరే ఎన్నో బొచ్చుల నుంచి నేర్చుకున్న పోలికతో గీసినదే. పరిశోధకులు కోతుల్ని విడివిడిగా గుర్తుపట్టేది మొహం తీరును బట్టి, పాత గాయపు గీతను బట్టి, చెవి అంచు చీలికను బట్టి. పరికరం అలాంటి గీతనొకదాన్ని చెరిపేసినా, లేనిదాన్ని పుట్టించినా అది ఇక ఆ కోతి ఫొటో కాదు. ఆకులు వేసిన రంగును తీసేయడం, నాయిజ్‌ను తగ్గించడం, ఈ రెండూ ధర్మబద్ధమైన పనులని నేను నమ్ముతాను. అడ్డొచ్చిన కొమ్మను చెరపడం, రాని మెరుపు చుక్కను కంట్లో పెట్టడం ఆ గీత దాటిన పనులు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫొటో పోటీలో తుది వడపోతకు ముందు రా ఫైలు అడిగేది ఇందుకే.

ఇదంతా సాధన చేయడానికి వాల్పారై దాకా వెళ్లాల్సిన పని లేదు. మారేడుమిల్లి అడవుల్లో వాగుల వెంట పందిరి కమ్ముకున్న చోట్లలో అదే పచ్చనీడ దొరుకుతుంది. శ్రీశైలం దారిలో నల్లమల వేసవికి ఆకు రాల్చేస్తుంది. అప్పుడక్కడ పచ్చ తగ్గి, నీలిఛాయ నీడలూ తెల్లటి వెలుగూ పెరుగుతాయి. ఒకే చోట వానల తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూస్తే టింట్ స్లైడర్ ఎంత జరపాల్సి వచ్చిందో అదే చెబుతుంది. మన దగ్గరి టోపీ కోతుల బొచ్చు బూడిద కలిసిన గోధుమరంగు కాబట్టి మీటరు పెద్దగా మోసపోదు, చేయి తిరగడానికి మంచి జంతువు.

కాగితం మీద వేయించేటప్పుడు మరో సంగతి. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును తిప్పి పంపుతుంది. స్క్రీన్ మీద చక్కగా విడివిడిగా కనిపించిన నల్ల బొచ్చు పొరలు ప్రింట్‌లో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిగనిగలాడే కాగితం కన్నా మ్యాట్ కాగితం మీద ఇది ఎక్కువ, ఎందుకంటే దాని నలుపు అంత లోతుగా ఉండదు. ప్రింట్ కోసం వేరే కాపీ చేసుకుని, మొహం మాస్క్‌లో షాడోలను ఇంకో పావు స్టాప్ పెంచి, మొహం, జూలు కలిసే చోటును మాత్రం అరచేతంత ముక్కగా ముందు వేయించి, దాన్ని కిటికీ దగ్గర పగటి వెలుగులో చూసుకున్నాకే పెద్ద సైజుకు ఆర్డరివ్వాలి.